పెరుందేవి గీసిన కోర

పెరుందేవి ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే ఆమె భర్త వేంకటాచలపతి "కాలేజీలో" అని ఊరుకునేవాడు. ఇంకాస్త గుచ్చితే "బొమ్మలు గీస్తుంది" అనేవాడు. ఏం బొమ్మలండీ అనేదాకా వస్తే మాత్రం, కాఫీ పట్టుకొస్తానుండండి అని లోపలికి జారుకునేవాడు. ఆయన్ని అని లాభం లేదు లెండి. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి పక్క వీధి. ఆచారం గల ఇల్లు. అలాంటి ఇంటి కోడలు పొద్దున్నే క్యారియర్ కట్టుకుని పోయి, సాయంత్రం దాకా పంది పుర్రెలూ కోతి తొడ ఎముకలూ ముందేసుకుని కూర్చుంటుందని ఏ నోటితో చెబుతాడు?

కానీ అది దాచుకోవలసిన ఉద్యోగం కాదు, చాటింపు వేసుకోవలసిన ఉద్యోగం. ఊళ్లోని ఒక కాలేజీలో జంతుశాస్త్ర విభాగానికి పెరుందేవి చిత్రకారిణి. ఫోటో తీసుకుంటే పోయేదానికి బొమ్మ ఎందుకూ అని మీరు అడగవచ్చు. చాలామంది ప్రొఫెసర్లే అడిగారు. ఫోటోకి వెలుతురు పడినంత మేరే తెలుసు. రెండు ఎముకలు కలిసే చోట వెంట్రుకలాంటి అతుకు ఉంటుంది. నరం దూరిపోయిన చిన్న చిల్లి ఉంటుంది. కండ పట్టుకున్న చోట గరుకు ఉంటుంది. వాటిని కంటితో వెతికి, వేలితో తడిమి, ఆ తరవాత చేత్తో చెప్పాలి. పెరుందేవి అలా చెప్పేది. ఆమె గీసిన తాబేలు డిప్ప చూసి ఒక ముసలి ప్రొఫెసరు, "ఇది కాగితం మీద ఉందా, కాగితం కింద ఉందా?" అని తడిమి చూశాడు.

ఆమె దగ్గర ఇంకో తమాషా ఉండేది. కొలవడానికి విభాగంలో మంచి మంచి పనిముట్లే ఉన్నా, ఆమె మాత్రం చీపురుపుల్ల వాడేది. ఎముకలో ఏ సందులోకైనా అది వంగి దూరుతుంది, లోతు తెలుస్తుంది, వాలు తెలుస్తుంది. గోటితో గుర్తు పెట్టుకుని బయటికి తీస్తే లెక్క తేలిపోతుంది. ఆ పుల్ల ఎప్పుడూ ఆమె జుట్టు ముడిలో గుచ్చి ఉండేది. పిల్లలు చాటుగా పుల్లమ్మ అనేవాళ్లు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినా మరో పుల్ల గుచ్చుకునేది.

ఇంట్లో మాత్రం మొదట్లో పెద్ద రాద్ధాంతమే జరిగింది. అత్తగారు గుమ్మంలో నిలబడి, "పందిని ముట్టుకున్న చేత్తో నా వంటింట్లోకి వస్తావుటే?" అని అడ్డం తగిలింది. పెరుందేవి చెప్పులు విడుస్తూ, "కొండ మీద మొదటి దర్శనం ఎవరిదత్తా? మొదటి నైవేద్యం ఎవరికి? వరాహస్వామికి కాదూ? ఆయన తిన్నాకే కదా పెద్దాయనకి!" అంది. అత్తగారు గుమ్మం వదిలి పక్కకి జరిగింది. అయినా స్నానం మాత్రం తప్పలేదనుకోండి. ఎండాకాలమైనా, చలికాలమైనా, ఇరవై ఏడేళ్లపాటు సాయంత్రం ఇంటికి రాగానే తలమీద నీళ్లు పోసుకున్నాకే ఆమె కాఫీ తాగింది.

ఆ చెయ్యి ఆమెకు తండ్రి ఇచ్చినది. ఆయన క్యాలెండర్లకీ, ఉత్సవాల తెరలకీ దశావతారాలు గీసేవాడు. ఐదేళ్ల కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని వరాహమూర్తిని నేర్పించాడు. "ముందు కోర గీయి. కోర పైకి లేవాల. దాని మీద భూదేవి నిలబడాల. ఆమె నిలబడినాకే స్వామికి మొగం" అనేవాడు. ఆ పిల్ల వెయ్యిసార్లు గీసింది ఆ కోరని. కింద నించి మొదలై, బయటికి వంగి, పైకి లేచే ఒక్క గీత. కళ్లు మూసుకుని గీయమన్నా గీస్తుంది. ఈ కథంతా ఆ గీత దగ్గరే ఉంది, గుర్తు పెట్టుకోండి.

ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో, పందొమ్మిదివందల తొంభై ఏడు ఆగస్టులో, అటెండరు చెంగయ్య ఒక చెక్కపెట్టె మోసుకొచ్చి బల్ల మీద దించాడు. కార్వేటినగరంలో ఎవరో పాత కుటుంబం వాళ్లు అటక ఖాళీ చేస్తూ కాలేజీకి ఇచ్చేసిన పెట్టె. అందులో పాత బట్టలో చుట్టిన ఒక పుర్రె, ఒక వెనకకాలి పాదం ఎముకలూ ఉన్నాయి. మామూలు ఎముకలు కావవి. రాయిలా బరువు, గోధుమరంగు, గోటితో కొడితే టంగుమంటాయి. వేల ఏళ్లు భూమిలో ఉండి రాయిగా మారిన శిలాజం.

అప్పటి హెడ్డుగారు అటూ ఇటూ తిప్పి చూసి, "ఏదో పాతకాలపు పంది. రిజిస్టరులో రాసి చీటీ కట్టమ్మా, బొమ్మ కూడా ఒకటి గీసిపెట్టు. కోరలు విరిగిపోయినట్టున్నాయి, పిల్లలకి అర్థమయ్యేట్టు కోరలతోనే గీయి" అని క్లాసుకి వెళ్లిపోయారు.

చీటీలో మొదటి గడి పేరు. పంది అని రాయడానికి పెరుందేవికి చెయ్యి రాలేదు. వరాహం అని రాసింది. రెండో గడి, దొరికిన చోటు.

"చెంగయ్యా, ఎక్కడిదిది?" అని అడిగింది.

"కార్వేటినగరం నుంచి వచ్చినాదమ్మా" అన్నాడు చెంగయ్య చెమట తుడుచుకుంటూ.

ఆమె కార్వేటినగరం అని రాసింది. తరవాత బొమ్మకి కూర్చుంది. పుర్రెలో కోరలుండవలసిన గుంతల్లో ఎవరో ఎప్పుడో మట్టి, సున్నం కలిపి మెత్తి పెట్టారు. గట్టిపడి రాయిలా ఉంది. కోర ఎటు తిరిగి ఉండేదో కనపడదు. కనపడనిదాన్ని చుక్కల గీతతో గీయడం పద్ధతి. చుక్కలు పెట్టుకుంటూ పోయింది. కింద నించి మొదలై, బయటికి వంగి, పైకి లేచే గీత.

అంతే. రోజూ చేసే పనిలో ఒక పని. ఆ పూట తరవాత ఆమె మళ్లీ దాని గురించి ఆలోచించలేదు.

ఏళ్లు గడిచాయి. ఆ బొమ్మని ఒక విద్యార్థి నకలు తీశాడు, ఆ నకలుకి ఇంకొకరు నకలు తీశారు. ఒకరి చేతిలో చుక్కలు దగ్గరయ్యాయి, ఇంకొకరి చేతిలో కలిసిపోయాయి. చుక్కల గీత కాస్తా నిండు గీత అయి కూర్చుంది. పెరుందేవి పదకొండు పరిశోధన గ్రంథాలకి బొమ్మలు గీసింది. దేనిలోనూ ఆమె పేరు లేదు. "చిత్రాలు: విభాగం" అని ఉంటుంది. ఆమెకి అది ఎక్కడో గుచ్చుకునేది. గుచ్చుకోదా మరి? వంట చేసినవాళ్ల పేరు పెళ్లి శుభలేఖలో వేయరు కదా అని తనకు తానే సర్ది చెప్పుకునేది గానీ, కొత్త గ్రంథం వచ్చినప్పుడల్లా మొదటి పేజీలన్నీ ఓసారి తిప్పి చూసేది.

ఇక ఈ మధ్య సంగతి. వడమాలపేట నుంచి నవీన అనే అమ్మాయి పరిశోధనకి చేరింది. మామిడితోటల రైతు కూతురు. చిన్నప్పటినుంచీ అడవిపందుల్ని తోలి తోలి విసిగిన పిల్ల. ఆ కసి మీద పందుల మీదే పరిశోధన చేస్తానంది. విభాగంలో ఉన్న అన్ని పందుల ఎముకల్నీ బయటికి తీయించి, ఈ శిలాజం దగ్గర ఆగిపోయింది. మామూలు పందికి పైదవడలో ముందుపళ్లు పక్కకి మూడేసి ఉంటాయి. దీనికి రెండేసే. మామూలు పందికి చివరి దవడపన్ను పొడుగ్గా, బుడిపెలు బుడిపెలుగా ఉంటుంది. దీనికి పొట్టిగా, అడ్డగట్లు వేసినట్టు ఉంది. హెడ్డు గిరిప్రసాద్ సార్‌కి చూపించింది. ఆయన చేపల మనిషి. మంచివాడే, కానీ ఉత్సాహం వస్తే పట్టపగ్గాలుండవు. రిజిస్టరు తీస్తే దొరికిన చోటు కార్వేటినగరం. బొమ్మ తీస్తే పైకి తిరిగిన కోర. "ఇన్ని తేడాలున్నాయంటే ఇది లోకానికి తెలియని పంది! మన జిల్లా పంది!" అని కుర్చీలోంచి లేచాడు.

నవీన చేరిన మూడేళ్లకి, మార్చి నెలలో ఒక మధ్యాహ్నం ఆయన పెరుందేవిని పిలిచాడు. నవీన కూడా అక్కడే నవ్వుతూ నిలబడి ఉంది.

"పెరుందేవిగారూ, జూన్‌లో మీ రిటైర్‌మెంటు. శాలువా కప్పి పంపించేస్తే మాకు తృప్తిగా ఉండదు. ఈ కొత్త జాతికి మీ పేరు పెడుతున్నాం. సూస్ పెరుందేవియే. సూస్ అంటే పంది జాతి. వెనక మీ పేరు. ఒకసారి అచ్చయిందా, ఇక భూమ్మీద చదువున్నంత కాలం ఉంటుంది. మీరు కొత్తగా నాలుగు బొమ్మలు గీసివ్వండి. ఏప్రిల్ నెలాఖరు శుక్రవారానికి పంపించేద్దాం."

 పెరుందేవి చేతులు జోడించి బయటికొచ్చి, వరండాలో ఎవరూ లేని చోట కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఇంట్లో ఈ మాట చెబితే వేంకటాచలపతి మొదట అదిరిపడ్డాడు. "పందికి నీ పేరా? కంచి వరదరాజస్వామి దేవేరి పేరే అది!"

"వరాహస్వామి పక్కన దేవేరి ఉండకూడదా ఏమిటి?" అంది పెరుందేవి.

ఆ జవాబు ఆయనకి నచ్చింది. మర్నాడు సాయంత్రానికల్లా వీధి వీధంతా చెప్పొచ్చాడు. ఇన్నేళ్లు కాఫీ వంకతో తప్పించుకున్న మనిషి, ఇప్పుడు దారినపోయేవాళ్లని పిలిచి మరీ చెప్పాడు.

పెరుందేవికి ఆ నెలంతా నేల మీద కాళ్లు ఆనలేదు. దాచిపెట్టడమెందుకు, ఆమెకి ఆ పేరు కావాలి. చాలా గట్టిగా కావాలి. కూరలు తరుగుతూ ఆ రెండు మాటలూ లోపల్లోపల అనుకునేది. ఒకసారి పిండి మీద వేలితో రాసి, ఎవరో వస్తున్నట్టు అనిపించి చెరిపేసింది.

శుక్రవారం ఇంకా పదిరోజులుందనగా, ఒక పొద్దున ఆమె పుర్రెని శుభ్రం చేయడానికి కూర్చుంది. చివరి బొమ్మ అది, పక్కనుంచి చూసిన పుర్రె. కోర గుంతలు అచ్చులో స్పష్టంగా పడాలని నవీన అడిగింది. పాత పళ్ల బ్రష్షుతో, నీళ్లతో, సూదితో, ఆ మెత్తిన మట్టి గడ్డని నానబెట్టి నానబెట్టి తొలిచింది. పదకొండు గంటలకి కుడిపక్క గడ్డ ఊడి పళ్లెంలో పడింది. కాసేపటికి ఎడమదీ వచ్చింది. వేళ్లంత గుంతలు, నున్నగా.

జుట్టులోంచి పుల్ల తీసి కుడి గుంతలో దూర్చింది. వాలు తెలుసుకోవాలి కదా. పుల్ల బయటికి వంగలేదు. నిటారుగా కిందికి నిలబడింది.

మట్టి ఏమైనా అడ్డం ఉందేమోనని మళ్లీ తోమింది. ఇంకో పుల్ల విరిచి ఎడమ గుంతలో పెట్టింది. అదీ నిటారే. రెండు పుల్లలూ నేలని చూస్తున్నాయి. లేచి అల్మారాలో ఉన్న ఇప్పటి అడవిపంది పుర్రె తెచ్చుకుంది. దాని గుంతలో పుల్ల పెడితే అది పక్కకి పొడుచుకొచ్చింది, కోర బయటికి వంగి పైకి లేవడానికి వీలుగా. రెండు పుర్రెలూ పక్కపక్కన పెట్టి చూసింది.

"పెరుమాళ్లా!" అంది పైకే.

ఆ కోర పైకి లేచేది కాదు. దాని మీద భూదేవి నిలబడదు, జారిపోతుంది. తాను గీసింది ఈ జంతువు కోర కాదు, తండ్రి నేర్పిన కోర.

ఇక చెయ్యి ఊరుకోలేదు. పైకోరకి కొంచెం ముందు ఎముక లోపలికి నొక్కుకుపోయి ఉంది. కిందికోర వచ్చి సర్దుకునే చోటు. నోరు మూస్తే పైదీ కిందదీ కత్తెర రేకుల్లా రాసుకుంటాయన్నమాట. పంది నోరు అలా మూసుకోదు. లైబ్రరీకి వెళ్లి, దుమ్ము పట్టిన లావుపాటి పుస్తకం దించి పేజీలు తిప్పింది. కోరలు నేలకి చూసే బొమ్మ ఒకటుంది. కింద పేరు పెకరీ. పందికి దాయాది లాంటి జంతువు, కానీ పంది కాదు. వేల వేల ఏళ్ల కిందటే కుటుంబం విడిపోయింది అనుకుంటే తక్కువ, కోట్ల ఏళ్ల కిందటి మాట. పైన ముందుపళ్లు రెండేసి. పుర్రెలో ప్రతి తేడా ఆ పేజీలో ఉంది. అది ఉండే చోటు మాత్రం అమెరికా ఖండాలు.

ఆమె బల్ల దగ్గరికి తిరిగొచ్చి కూర్చుంది. పళ్లెంలో తడి మట్టి గడ్డలు రెండూ ఉన్నాయి. మళ్లీ మెత్తేస్తే? గదిలో ఎవరూ లేరు. పాత బొమ్మ ఎటూ ఉంది, దాన్నే నీటుగా తిరగ్గీసి ఇవ్వొచ్చు. జూన్‌లో తానెవరో, ఇదెవరో. ఒక గడ్డ చేతిలోకి తీసుకుని వేళ్లమధ్య మెత్తబడేదాకా నలిపింది. గుంత దగ్గరికి తీసుకెళ్లింది కూడా. అంతలో పుల్ల కనిపించింది, ఇంకా గుంతలోనే నిటారుగా. ఆమెకి తన మీద తనకే ఒళ్లు మండింది. మట్టి తీసుకెళ్లి కిటికీలోంచి బయట పారేసింది.

కానీ ఒక ముడి మిగిలింది. అమెరికా జంతువు కార్వేటినగరం భూమిలో ఎలా దొరుకుతుంది? మర్నాడు సెలవు పెట్టి పుత్తూరు బస్సెక్కి వడమాలపేటలో దిగింది. చెంగయ్య ఎప్పుడో రిటైరై కూతురి దగ్గర ఉంటున్నాడు. చెట్టుకింద మంచం మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు.

"యెవురూ, పెరుందేవమ్మా! ఏందమ్మా ఇంత దూరం, ఈ ఎండలో?"

"చెంగయ్యా, అప్పుడు నువ్వు పెట్టెలో పుర్రె తెచ్చావు, గుర్తుందా? అది కార్వేటినగరంలో ఎక్కడ దొరికింది? కొండలోనా, గుహలోనా?"

"దొరికిందని యెవురు చెప్పినారు?"

"నువ్వే కదయ్యా! కార్వేటినగరం అన్నావు!"

"అమ్మా, నువ్వు ఎక్కడిదని అడిగితివి. ఆడినించి వచ్చినాదని నేనంటి. ఆ పొద్దు బస్సులో ఒళ్లో పెట్టుకోని తెచ్చినా గదా, మోకాళ్లు పడిపోయినాయి! దొరికింది యాడ అని అడిగింటే వేరే చెప్పిందును." చెంగయ్య పేపరు మడిచి పక్కన పెట్టాడు. "ఆ ఇంటి పెద్దాయన చెప్పినాడులే. వాళ్ల తాత ఎవురో అమెరికా పాదిరి దగ్గర పనిలో ఉండినాడంట. ఆ దొర ఊరికి ఎళ్లిపోతా పోతా ఇట్లాటి వస్తువులన్నీ ఇచ్చేసి పోయినాడంట. రాళ్లు, చిప్పలు, ఈ పుర్రె."

పెరుందేవి తల పట్టుకుంది. ఎక్కడిది! ఒక్క మాట. దొరికిన చోటూ అదే, వచ్చిన చోటూ అదే. ఆ మాట అడిగిన నోరు తనది, చెప్పిన జవాబుని తప్పు గడిలో రాసిన చెయ్యీ తనదే.

"ఏమన్నా తప్పు జరిగినాదా అమ్మా?" అన్నాడు చెంగయ్య భయంగా.

"నీది కాదులే అప్పా. నాది" అంది. వాళ్లమ్మాయి ఇచ్చిన మజ్జిగ తాగి తిరుగు బస్సెక్కింది.

మర్నాడు నవీనని కూర్చోబెట్టి, రెండు పుర్రెలూ ముందు పెట్టి, పుల్లలు గుచ్చి చూపించింది. ఒక్క మాట కూడా మెత్తబరచకుండా మొత్తం చెప్పింది. చుక్కల గీత దగ్గర్నించి చెంగయ్య దాకా.

నవీన మొహం ఎర్రబడింది. "మూడేండ్లమ్మా! మూడేండ్లు మీ బొమ్మ నమ్ముకోని రాసినాను. మా నాయన ఊరంతా చెప్పుకున్నాడు, మా బిడ్డ కొత్త జంతువును కనిపెట్టినాదని. ఇప్పుడు ఏం చెప్పేది నేను? మీకేమి, మీరు జూన్‌లో ఎళ్లిపోతారు!"

"తిట్టవే, పడతాను" అంది పెరుందేవి. "తిట్టాక ఈ పాదం ఎముకలు కూడా ఒకసారి చూడు. వీటి సంగతి నాకు తేలలేదు."

నవీన చూడలేదు. కిటికీ వైపు తిరిగింది. తరవాత గొంతు తగ్గించి అంది. "చూడబల్లేదు. నాకు తెలుసు. పంది మా చేన్లో పడితే అడుగుకి నాలుగు గుర్తులు పడతాయి. ముందర రెండు పెద్ద గిట్టలు, ఎనక రెండు చిన్నయి. దీని కాల్లో ఆ చిన్న వేళ్లకి తావే లేదు. నడిమి ఎముకలు రెండూ అతుక్కోని ఒకటే అయిపోయినాయి. నేను మొదటి ఏడే చూసినాను. ఏదో జబ్బులే అని రాసేసినాను. ఎందుకంటే... కొత్త జాతి కావాల గదా."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలియదు. నవ్వులోనే నవీనకి ఏడుపొచ్చింది. పెరుందేవి ఆ పిల్ల తల నిమిరింది, ఎముకలు ముట్టుకున్న చేత్తోనే.

ఆ రోజే కొత్త బొమ్మ, ఫోటోలు కలిపి, ఆ జంతువుల మీద పనిచేసే విదేశీ పెద్దాయన ఒకరికి పంపారు. రెండు రోజుల్లో జవాబు వచ్చింది. ప్లాటిగోనస్ కంప్రెస్సస్. పదివేల ఏళ్ల పైచిలుకు కిందట అంతరించిపోయిన పెకరీ. పేరు పెట్టి నూట డెబ్బై ఏళ్లు దాటింది. "చిత్రం అద్భుతంగా ఉంది, గుంత వాలు చూడగానే అనుమానం లేకుండా తేలిపోయింది, ఎవరు గీశారు?" అని ఆఖర్న రాశాడాయన.

శుక్రవారం గిరిప్రసాద్ సార్ గదిలోకి ఇద్దరూ వెళ్లారు. ఆయన అంతా విని నీరుగారిపోయాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"పెరుందేవిగారూ, కొంచెం ఆగి చూద్దామా? ఆయనొక్కడి మాటే కదా. ఇంకా పరిశీలించాలి అని ఒక వాక్యం రాసి పంపించేద్దాం. తప్పైతే తరవాత ఎవరో దిద్దుకుంటారు. మీ పేరు పోతుందమ్మా! ఇరవై ఏడేళ్ల సర్వీసుకి మేమివ్వగలిగింది అదొక్కటే."

పెరుందేవి అప్పటిదాకా నేల చూపులు చూస్తోంది. తలెత్తింది.

"నాకూ కావాలనే ఉంది సార్. అబద్ధం ఎందుకు, ఈ నెలంతా దాని మీదే బతికాను. కానీ నా పేరు కోసం దాని కోర వంచలేను. ఒకసారి తెలియక వంచాను. తెలిసి వంచితే మా నాన్నగారు నేర్పిన చెయ్యే కాదది."

 గిరిప్రసాద్ సార్ ముందున్న కాగితాలు తీసుకుని, మొదటి పేజీలో ఉన్న పేరుని ఒక్క గీతతో కొట్టేశాడు. ఆ గీత పడుతున్నప్పుడు ఆమె చూపు తిప్పుకోలేదు. చివరిదాకా చూసింది. బయటికొచ్చాక మాత్రం వరండా స్తంభం పట్టుకుని నిలబడిపోయింది.

నవీన పరిశోధన ఆగలేదు. పేరు మారింది. పందికీ పెకరీకీ పుర్రెలో, కాల్లో తేడాలు ఎలా పోల్చాలి, ఒక తప్పు చీటీ ఎంత దూరం పోతుంది అన్నది ఇప్పుడు విషయం. జబ్బు అని తాను రాసిన వాక్యాన్ని కూడా ఆ పిల్ల దాచలేదు, ఉన్నదున్నట్టు రాసింది. వాళ్ల నాయనకి కొత్త జంతువు లేకపోవడం కన్నా, పాత జంతువు అమెరికా నుంచి కార్వేటినగరం అటకెక్కిందన్న సంగతే ఎక్కువ ముచ్చటగా ఉందట.

జూన్ ముప్పయ్యో తేదీ పొద్దున, పెరుందేవి ఆఖరి పనిగా కొత్త చీటీ రాసింది. ఎముకలన్నీ ఉంచే విభాగం మ్యూజియంలో ఒక కట్టుబాటు ఉంది. పాత చీటీ తప్పని తేలినా చింపకూడదు. కొత్తది దాని పక్కనే కట్టాలి, ఎవరు ఎప్పుడు ఏమనుకున్నారో తరవాతివాళ్లకి తెలియడానికి. చీటీలో ఒక గడి ఉన్న చోట ఆమె రెండు గడులు గీసింది. దొరికిన చోటు ఒకటి, వచ్చిన చోటు ఒకటి. ఇప్పుడు ఆ విభాగంలో అన్ని చీటీలూ అలాగే అచ్చువేస్తున్నారు.

సాయంత్రం వీడ్కోలుకి వేంకటాచలపతి వచ్చాడు. ఇరవై ఏడేళ్లలో ఆయన ఆ మ్యూజియం గడప తొక్కడం అదే మొదలు. వీధిలో అంత చాటింపు వేసి, తరవాత ఆ సంగతి ఎత్తలేక రెండు నెలలుగా తల వంచుకు తిరుగుతున్నాడు పాపం. నవీన ఆయన్ని అద్దాల అల్మారా దగ్గరికి తీసుకెళ్లింది. పుర్రె పక్కన రెండు చీటీలు వేలాడుతున్నాయి. ఒకటి పసుపుపచ్చబడింది, ఒకటి తెల్లగా ఉంది. రెండింటి మీదా ఒకే గుండ్రటి దస్తూరీ. ఆయన కళ్లజోడు సర్దుకుని పైకే చదివాడు.

"వరాహం. దొరికిన చోటు కార్వేటినగరం. రాసినది పెరుందేవి, 1997." కొంచెం పక్కకి జరిగాడు. "ప్లాటిగోనస్ కంప్రెస్సస్, అంతరించిన పెకరీ. దొరికిన చోటు తెలియదు. వచ్చిన చోటు కార్వేటినగరం. పాత చీటీ తప్పు. బొమ్మలో కోర కూడా తప్పు. సరిదిద్దినది పెరుందేవి."

ఆయన రెండో చీటీ మళ్లీ ఒకసారి చదివాడు, ఈసారి లోపల్లోపల.

ఆ రాత్రి భోజనాల వేళ పక్కింటాయన గుమ్మంలోంచి తొంగి చూసి, "ఏమండీ స్వామీ, పందికి మీ ఆవిడ పేరు పెడతామన్నారే, ఏమైంది?" అని వెక్కిరింతగా అడిగాడు.  ఇప్పుడు కాఫీ అంటూ లోపలికి లేచిపోతాడనుకుంది పెరుందేవి. వేంకటాచలపతి లేవలేదు.

"కూర్చోండి, చెబుతాను" అన్నాడు. "అది పంది కాదండీ. కోర చూస్తే తెలుస్తుంది. తప్పు గీసిందీ మా ఆవిడే, పట్టుకున్నదీ మా ఆవిడే. పెరుందేవీ, ఆ పుల్ల ఒకసారి ఇటివ్వు, ఈయనకి చూపించాలి."